ఒకే ఇంట్లో నాలుగు వయసుల నిద్రలేమి: ఒకరి మాత్ర మరొకరికి పనికివస్తుందా?

మల్కాజిగిరి కోడలు

సభ్యులందరికీ నమస్కారం. మా ఇంట్లో నిద్ర సరిగా పట్టనివారు నలుగురు, నలుగురివీ నాలుగు వయసులు. మామయ్యగారికి 74 ఏళ్లు. రాత్రి తొమ్మిదింటికే పడుకుంటారు, మధ్యలో రెండు మూడు సార్లు మూత్రానికి లేస్తారు, తెల్లవారుజామున మూడింటికల్లా లేచి కూర్చుంటారు. నాకు 48. పడుకోగానే నిద్ర పడుతుంది గాని, నడిరాత్రి ఒళ్లంతా వేడెక్కి చెమటతో మెలకువ వస్తుంది. ఆ తరువాత కునుకు రాదు. ఇంటర్మీడియట్ రెండో సంవత్సరం చదువుతున్న మా అబ్బాయికి రాత్రి ఒంటి గంట దాటితే గాని నిద్ర పట్టదు, కానీ ఉదయం ఆరున్నరకు కాలేజీ బస్సు అందుకోవాలి. పురిటికి వచ్చిన మా ఆడపడుచుకు ఎనిమిదో నెల. మంచం మీద వాలగానే కాళ్లలో ఏదో పాకుతున్నట్టు, లాగుతున్నట్టు ఉంటోందని లేచి వరండాలో నడుస్తూ ఉంటుంది.

మామయ్యగారికి చాలా కాలం కిందట ఒక డాక్టరు గారు నిద్రమాత్ర రాశారు. ఇప్పటికీ రోజూ అదే వేసుకుంటున్నారు. మా అవస్థ చూడలేక, "నాకు పనిచేసింది కదమ్మా, మీరూ తలా సగం వేసుకోండి" అంటున్నారు. ఆయన ప్రేమతో చెప్పే మాటను కాదనాలంటే నా దగ్గర సరైన కారణం ఉండాలి. నిద్రలేమి అన్ని వయసుల్లోనూ ఒకటేనా? ఏ వయసులో అది ఆరోగ్యాన్ని ఎలా దెబ్బతీస్తుంది? తెలిసినవారు వివరంగా రాయగలరని కోరుతున్నాను.

చిక్కడపల్లి ఫార్మసిస్టు

అమ్మా, మిగతా విషయాలు డాక్టర్లు రాస్తారు గాని, మాత్ర సంగతి ఆలస్యం చేయకూడదు కనుక ముందుగా రాస్తున్నాను. ఆ మాత్రను మీ ఆడపడుచు గారికి ఎట్టి పరిస్థితుల్లోనూ ఇవ్వకండి. మీరు పేరు రాయలేదు గాని, మన దగ్గర పెద్దవారు ఏళ్ల తరబడి వాడేవి చాలావరకు ఆల్ప్రజోలం తరగతికి చెందినవో, జోల్పిడెమో అయి ఉంటాయి. ఆల్ప్రజోలం వంటివి కాన్పుకు దగ్గరలో వేసుకుంటే మందు బిడ్డకు కూడా చేరుతుంది. పుట్టిన బిడ్డ మందకొడిగా ఉండటం, పాలు సరిగా లాగలేకపోవడం, ఊపిరి తీసుకోవడానికి ఇబ్బంది పడటం వంటివి జరగవచ్చు.

ఆల్ప్రజోలం, జోల్పిడెం రెండూ మన దేశంలో షెడ్యూల్ హెచ్1 మందులు. డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదు, అమ్మినప్పుడు డాక్టరు పేరు, రోగి పేరు, మందు పేరు, ఎంత ఇచ్చారన్నది రిజిస్టరులో రాసి ఉంచాలి. ఒకరి పేరున ఇచ్చిన మాత్రను ఇంట్లో పంచుకుంటే ఈ జాగ్రత్త అంతా వృథా అవుతుంది. మోతాదు కూడా అందరికీ ఒకటి కాదు. జోల్పిడెం ఆడవారి శరీరంలో మగవారి కంటే ఎక్కువసేపు నిలిచి ఉంటుందని గమనించి, 2013లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఆడవారికి మొదటి మోతాదును 10 మిల్లీగ్రాముల నుంచి 5కు తగ్గించింది.

ఇంకొక్క మాట. ఈ చర్చ చదివి మామయ్యగారి మాత్రను ఇవాళే ఆపేయకండి. ఏళ్ల తరబడి వాడినదాన్ని ఒక్కసారిగా మానేస్తే నిద్ర పూర్తిగా పోవడం, వణుకు, ఆందోళన, కొందరిలో మూర్ఛలు కూడా రావచ్చు.

నిద్ర వైద్యుడు, తార్నాక

పై సభ్యులు రాసినదంతా సరైనదే. మీ మొదటి ప్రశ్నకు నా సమాధానం: కాదు, ఒకటి కాదు. మీ ఇంట్లో నలుగురికీ నిద్ర లేదన్నది నిజమే గాని, నలుగురి కారణాలూ వేరు, అందుకే నలుగురి చికిత్సలూ వేరు.

వారానికి కనీసం మూడు రాత్రుల చొప్పున మూడు నెలల పాటు, పడుకోవడానికి తగినంత సమయం, అనువైన చోటు ఉండి కూడా నిద్ర పట్టకపోవడం లేదా మధ్యలో మెలకువ వచ్చి తిరిగి పట్టకపోవడం, దాని వల్ల పగటి పనులు దెబ్బతినడం ఉంటే దాన్ని దీర్ఘకాలిక నిద్రలేమి అంటాము. పడుకోవడానికి సమయమే దొరకకపోవడం వేరే సమస్య. మీ అబ్బాయి విషయంలో ఈ తేడా చాలా ముఖ్యం.

నిద్రను రెండు శక్తులు నడుపుతాయి. మెలకువగా ఉన్నంతసేపు మెదడులో అడెనోసిన్ అనే పదార్థం పేరుకుంటూ నిద్ర ఒత్తిడిని పెంచుతుంది. రెండోది శరీరంలోని 24 గంటల గడియారం. వెలుతురును బట్టి అది సమయాన్ని సరిచేసుకుంటుంది, చీకటి పడ్డాక మెలటోనిన్ అనే నిద్ర హార్మోను విడుదలకు సంకేతం ఇస్తుంది. వయసుతో పాటు ఈ రెండూ మారతాయి. యవ్వనంలో గడియారం వెనక్కి జరిగి నిద్ర ఆలస్యంగా వస్తుంది, వృద్ధాప్యంలో ముందుకు జరిగి తొందరగా వస్తుంది, గాఢ నిద్ర వయసుతో తగ్గుతూ వస్తుంది. గర్భం, ముట్లు ఆగిపోయే దశ, మూత్ర సమస్యలు, ఇతర రోగాలకు వాడే మందులు వీటి మీద అదనపు భారం.

మీ ఆడపడుచు గారి లక్షణాలు కాళ్ల అలజడి జబ్బును సూచిస్తున్నాయి. కదలకుండా ఉంటే ఎక్కువ కావడం, నడిస్తే తగ్గడం, సాయంత్రం నుంచి పెరగడం దాని గుర్తులు. ఆఖరి మూడు నెలల్లో సుమారు ఐదుగురు గర్భిణుల్లో ఒకరికి ఇది వస్తుంది, చాలామందికి కాన్పు తరువాత దానంతట అదే తగ్గిపోతుంది. శరీరంలో ఇనుము నిల్వలు తగ్గడం దీనికి పెద్ద కారణం. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో 57 శాతం మందికి రక్తహీనత ఉంది కనుక, ఈ అనుమానం ఎవరికైనా రావలసిందే. హిమోగ్లోబిన్‌తో పాటు, ఇనుము నిల్వలను తెలిపే ఫెర్రిటిన్ కూడా చూడమని మీ గైనకాలజిస్టును అడగండి. హిమోగ్లోబిన్ బాగానే ఉన్నా ఫెర్రిటిన్ తక్కువగా ఉండవచ్చు. ఐరన్ మాత్ర వేసుకునే వేళకు చాయ్ తాగితే ఇనుము ఒంటికి సరిగా పట్టదు, ఆ రెండింటికీ మధ్య ఎడం ఉండాలి. ఇనుము లోపాన్ని సరిచేయవలసిన చోట నిద్రమాత్ర ఇస్తే కారణం అలాగే ఉండిపోతుంది.

వనస్థలిపురం మాస్టారు

నేను పదవీ విరమణ చేసిన లెక్కల ఉపాధ్యాయుణ్ణి, డెబ్బై దాటాయి. డాక్టరు గారితో కొంతవరకు విభేదిస్తున్నాను. పెద్ద వయసులో నిద్ర తగ్గడం ప్రకృతి సహజం. మా నాన్నగారు తెల్లవారుజామున లేచి పొలానికి వెళ్లేవారు, చివరి దాకా ఆరోగ్యంగానే ఉన్నారు. మూడింటికి మెలకువ వస్తే దాన్ని జబ్బుగా చూసి ముసలివారిని ఆసుపత్రుల చుట్టూ తిప్పడం ఎందుకు? మధ్యాహ్నం భోజనం చేసి రెండు గంటలు పడుకుంటే రాత్రి తగ్గింది పూడుతుంది కదా.

నిద్ర వైద్యుడు, తార్నాక

మాస్టారూ, మీ మాటలో సగం నేను ఒప్పుకుంటాను. తొందరగా నిద్ర రావడం, తొందరగా మెలకువ రావడం, నిద్ర పలచబడటం వయసుతో వచ్చే మార్పులే. తొమ్మిదింటికి పడుకున్న మనిషికి మూడింటికి మెలకువ వస్తే ఆరు గంటలు నిద్రపోయినట్టే. పగలు హుషారుగా ఉంటే దాన్ని జబ్బు అనను. అయితే 65 దాటినవారికి కూడా ఏడెనిమిది గంటల నిద్ర మంచిదని నిపుణుల సిఫారసు. తగ్గేది నిద్ర అవసరం కంటే నిద్ర పట్టే సామర్థ్యమే.

మధ్యాహ్నం రెండు గంటల నిద్ర మాత్రం, రాత్రి భోజనానికి ముందు కడుపు నిండా చిరుతిండి తిన్నట్టే. పేరుకున్న నిద్ర ఒత్తిడి అంతా అక్కడే ఖర్చవుతుంది. మధ్యాహ్నం మూడు గంటలు కాకముందే అరగంట కునుకు తీస్తే ఇబ్బంది ఉండదు.

పెద్దవారిలో నేను ఎక్కువగా భయపడేది పడిపోవడం గురించి. రాత్రి మూత్రానికి లేచినప్పుడు మత్తులో కాలు తడబడి తుంటి ఎముక విరిగినవారిని మా ఆసుపత్రిలో తరచూ చూస్తాము. నిద్రమాత్రలు ఆ ముప్పును, మతిమరుపును, అయోమయాన్ని పెంచుతాయి. వృద్ధులకు మందులు రాసేటప్పుడు అమెరికా వృద్ధుల వైద్య సంఘం వారి బీర్స్ జాబితాను చాలా దేశాల వైద్యులు చూస్తారు. బెంజోడయజెపిన్లు (ఆల్ప్రజోలం తరగతి మందులు), జోల్పిడెం వంటివి పెద్దవారికి వీలైనంత వరకు వద్దని అందులో ఉంది.

మల్కాజిగిరి అమ్మా, మామయ్యగారు రెండు మూడు సార్లు లేస్తున్నారని రాశారు. మెలకువ వచ్చి మూత్రానికి వెళ్తున్నారా, మూత్రం వచ్చి మెలకువ వస్తోందా అన్నది గమనించండి. ప్రోస్టేట్, మధుమేహం, సాయంత్రం పూట వేసుకునే బీపీ మాత్రలలో మూత్రం ఎక్కువ చేసేవి, వీటితో పాటు గురక కూడా ఇందుకు కారణం కావచ్చు. గురక మధ్యలో ఊపిరి ఆగి, ఉలిక్కిపడి లేచేవారికి రాత్రిళ్లు మూత్రం కూడా ఎక్కువగా వస్తుంది. ఊపిరి ఆగే ఆ జబ్బు ఉన్నవారికి నిద్రమాత్ర ఇస్తే ప్రమాదం పెరగవచ్చు.

ఇంటర్ లెక్చరరు, దిల్‌సుఖ్‌నగర్

నేను ఆ అబ్బాయి గురించి రాస్తాను, ఎందుకంటే ఇటువంటి పిల్లలు నా తరగతిలో మొదటి పీరియడులో సగం మంది ఉంటారు. మనం వారిని సోమరులు అంటాము, ఫోను పిచ్చి అంటాము. ఫోను పాత్ర లేదని నేను అనను. కానీ యవ్వనంలో మెలటోనిన్ విడుదలయ్యే వేళ చిన్నతనంతో పోలిస్తే రెండు గంటల దాకా వెనక్కి జరుగుతుందన్నది శరీర ధర్మం. 13 నుంచి 18 ఏళ్ల వారికి 8 నుంచి 10 గంటల నిద్ర అవసరం. పదకొండున్నరకు గాని నిద్ర రాని శరీరాన్ని అయిదింటికి లేపితే మూడు నాలుగు గంటలు ప్రతి రోజూ లోటు. చదివినది జ్ఞాపకంగా స్థిరపడేది నిద్రలోనే గనుక, ఈఏపీసెట్ (పాత ఎంసెట్) అని, జేఈఈ అని మనం తెల్లవారుజామున వేయించే స్టడీ అవర్లు పిల్లల చదువును మింగేస్తున్నాయని నా నమ్మకం. యాజమాన్యాలకు ఈ మాట చెప్పి చూశాను, ఎవరూ వినలేదు. ఒక కళాశాల మాత్రమే ముందు మారితే తల్లిదండ్రులు పక్క కళాశాలకు వెళ్లిపోతారన్నది వారి భయం.

అమెరికా పిల్లల వైద్యుల అకాడమీ 2014లోనే హైస్కూళ్లు ఎనిమిదిన్నరకు ముందు మొదలు కాకూడదని చెప్పింది, కాలిఫోర్నియా రాష్ట్రం 2019లో చట్టం చేసి 2022 నుంచి అమలు చేస్తోంది. మన దగ్గర ఆ రోజు ఎప్పుడు వస్తుందో గాని, తల్లిదండ్రులు అడగకపోతే రాదు.

నిద్ర వైద్యుడు, తార్నాక

లెక్చరరు గారికి ఒక్క చేర్పు. సెలవు రోజుల్లో మీ అబ్బాయిని అతని ఇష్టానికి వదిలి చూడండి. ఒంటి గంటకు పడుకుని తొమ్మిది, పది గంటల దాకా హాయిగా నిద్రపోయి, తాజాగా లేస్తే అతనికి ఉన్నది నిద్రలేమి కాదు, గడియారం వెనకబడటం. అప్పుడు లేచే వేళను స్థిరపరచి, లేవగానే అరగంట ఎండ తగిలేలా చూసి, రాత్రి తొమ్మిది తరువాత గదిలో వెలుతురు తగ్గించి, పడుకునే వేళను కొద్ది కొద్దిగా ముందుకు జరపాలి. ఆదివారం ఒకటి రెండు గంటలు అదనంగా పడుకోనివ్వవచ్చు; మధ్యాహ్నం దాకా పడుకుంటే సోమవారం మళ్లీ మొదటికి వస్తుంది.

సెలవుల్లో కూడా నిద్ర రాక, దిగులుగా, చిరాకుగా, దేని మీదా ఆసక్తి లేకుండా ఉంటే మాత్రం ఆలస్యం చేయవద్దు. నిద్రలేమి ఉన్నవారికి కుంగుబాటు వచ్చే అవకాశం మామూలువారి కంటే సుమారు రెండు రెట్లు అని అనేక అధ్యయనాలను కలిపి చూసినప్పుడు తేలింది. పిల్లల విషయంలో ఆ మాటను మరింత గంభీరంగా తీసుకోవాలి. ప్రభుత్వం 2022లో మొదలుపెట్టిన టెలీ మానస్ సేవకు 14416 నంబరుకు ఏ వేళలోనైనా ఫోను చేసి తెలుగులో మాట్లాడవచ్చు.

గచ్చిబౌలి రాత్రి షిఫ్టు

నా వయసువారి గురించి ఎవరూ రాయలేదు గనుక రాస్తున్నాను. నాకు 31. అమెరికా వేళలకు పని, తెల్లవారాక ఇంటికి చేరతాను, పగలు నాలుగైదు గంటలకు మించి నిద్ర పట్టదు. ఈ మధ్య కంపెనీ ఆరోగ్య పరీక్షల్లో చక్కెర హద్దు దగ్గరికి వచ్చిందని, బీపీ కొంచెం ఎక్కువని చెప్పారు. మా ఇంట్లో ఎవరికీ మధుమేహం లేదు. నిద్రకూ చక్కెరకూ నిజంగా సంబంధం ఉందా?

నిద్ర వైద్యుడు, తార్నాక

ఉంది. 1999లో షికాగోలో చేసిన ఒక ప్రసిద్ధ పరిశీలనలో ఆరోగ్యవంతులైన 11 మంది యువకులను వరుసగా ఆరు రాత్రులు నాలుగు గంటలే పడుకోనిచ్చారు. అంతలోనే గ్లూకోజును తట్టుకునే శక్తి వారిలో స్పష్టంగా తగ్గింది. రక్తపోటు విషయానికి వస్తే, ఆరోగ్యవంతులకు నిద్రలో అది పగటి కంటే 10 నుంచి 20 శాతం తగ్గుతుంది. రక్తనాళాలకు దొరికే విశ్రాంతి అది. నిద్రలేమితో పాటు నిద్ర వ్యవధి ఆరు గంటల లోపు ఉన్నవారిలో బీపీ ముప్పు అందరి కంటే ఎక్కువ. ముప్పైలలో చాలామందికి ఇవి బయటికి తెలియవు, యాభైలలో తెలుస్తాయి. గడియారానికి విరుద్ధంగా సాగే రాత్రి షిఫ్టును అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2007లోనూ, మళ్లీ 2019లోనూ క్యాన్సర్ కలిగించే అవకాశం ఉన్న వాటిలో చేర్చింది.

మానుకోలేని ఉద్యోగమైతే కొన్ని పనులు చేయండి. షిఫ్టు రెండో సగంలో కాఫీ, చాయ్ మానండి. తాగిన కెఫీన్‌లో సగం ఒంటి నుంచి పోవడానికే ఐదారు గంటలు పడుతుంది. ఇంటికి వెళ్లేటప్పుడు నల్లద్దాలు పెట్టుకోండి, గదిని పూర్తిగా చీకటి చేయండి, ఫోను మరో గదిలో ఉంచండి. అన్నిటికన్నా ముఖ్యంగా, షిఫ్టు ముగిశాక ఔటర్ రింగ్ రోడ్డు మీద స్వయంగా కారు నడపకండి. 17 గంటలకు పైగా మెలకువగా ఉన్న మనిషి స్పందన, 100 మిల్లీలీటర్ల రక్తంలో 50 మిల్లీగ్రాముల మద్యం ఉన్నవాడి స్పందనతో సమానమని పరిశోధనల్లో తేలింది. మన చట్టంలో అనుమతించే హద్దు 30 మిల్లీగ్రాములే.

బాలవైద్యురాలు, మెహదీపట్నం

పసిపిల్లల ప్రస్తావన రానేలేదు. మల్కాజిగిరి వారింట్లో త్వరలో బిడ్డ రాబోతోంది గనుక రాయడం నా బాధ్యత అనుకుంటున్నాను. మొదటి రెండు మూడు నెలలు బిడ్డకు పగలూ రాత్రీ తేడా తెలియదు, ఆ గడియారం ఇంకా ఏర్పడలేదు. దాన్ని నిద్రలేమి అని భయపడకండి. ఏడాది లోపు నాలుగు నెలలు నిండినవారికి నిద్రలన్నీ కలిపి 12 నుంచి 16 గంటలు, బడి వయసు పిల్లలకు 9 నుంచి 12 గంటలు కావాలి. కాస్త పెద్ద పిల్లల్లో నిద్ర సమస్య చాలావరకు అలవాటుదే. ఒళ్లో ఊపితేనో, టీవీ ముందో నిద్రపోయే బిడ్డకు నడిరాత్రి మెలకువ వచ్చినప్పుడు మళ్లీ అదే కావాలి. నిద్ర చాలని పిల్లలు పెద్దవారిలా మత్తుగా ఉండరు, అతిగా గెంతుతారు, మొండికేస్తారు. బడిలో దాన్ని అల్లరి అనుకుంటారు.

పిల్లలు పడుకోవడం లేదని జలుబు సిరప్ పోసే ఇళ్లు ఇంకా ఉన్నాయి. దయచేసి ఆ పని చేయకండి. క్లోర్‌ఫెనిరమిన్, ఫినైలెఫ్రిన్ కలిసిన సిరప్పులను నాలుగేళ్ల లోపు పిల్లలకు వాడకూడదని సీసా మీద ముద్రించాలని మన కేంద్ర ఔషధ నియంత్రణ సంస్థ 2023లో ఆదేశించింది.

బాలింతల గురించి ఒక హెచ్చరిక. బిడ్డ ఏడుస్తుంటే తల్లికి నిద్ర లేకపోవడం మామూలే. బిడ్డ హాయిగా నిద్రపోతున్నప్పుడు, చూసుకునేవారు పక్కనే ఉన్నప్పుడు కూడా తల్లికి నిద్ర రాకపోతే అది ప్రసవానంతర కుంగుబాటుకు తొలి గుర్తు కావచ్చు. ఇంట్లో పెద్దవారు "అందరూ కన్నవాళ్లే" అని తోసేయకుండా ఆ అమ్మాయిని డాక్టరుకు చూపించాలి.

సైనిక్‌పురి సోదరి

మల్కాజిగిరి చెల్లెమ్మా, నాకు 52. మీరు చెప్పిన చెమటలు, వేడి ఆవిర్లు నేనూ చూశాను. నెలసరి ఆగిపోయే ముందు కొన్నేళ్లూ, ఆగాక కొన్నేళ్లూ ఇవి ఉండవచ్చని, ఈస్ట్రోజెన్ తగ్గడం వల్ల శరీరం తన ఉష్ణోగ్రతను సరిగా నిలుపుకోలేదని మా డాక్టరమ్మ వివరించారు. మొదట థైరాయిడ్ పరీక్ష చేయించారు, అదే లక్షణాలు దానివల్ల కూడా వస్తాయట. నాకు మాత్రలతో కాకుండా సీబీటీ-ఐ అనే పద్ధతితో (నిద్ర గురించిన ఆలోచనలను, అలవాట్లను మార్చే చికిత్స) మేలు జరిగింది. మంచం మీద దొర్లుతూ గడియారం చూసే అలవాటు పోవడమే నాకు సగం చికిత్స అయింది. ఆడవాళ్లం ఈ వయసులో మన నిద్రను ఇంట్లో అందరి తరువాత పెట్టుకుంటాము. అలా చేయకండి.

నిద్ర వైద్యుడు, తార్నాక

సోదరి గారు చెప్పిన సీబీటీ-ఐని వయోజనులందరి దీర్ఘకాలిక నిద్రలేమికి మొదటి చికిత్సగా వాడాలని అమెరికన్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్ అనే వైద్యుల సంఘం 2016లో సిఫారసు చేసింది. నిద్ర వస్తేనే మంచం ఎక్కడం, ఇరవై నిమిషాలు గడిచినట్టు అనిపిస్తే లేచి మసక వెలుతురులో కూర్చోవడం, ఎంత నిద్రపోయినా ఒకే వేళకు లేవడం, నిజంగా పట్టే నిద్రకు సరిపడా మాత్రమే మంచం మీద గడపడం అందులోని ప్రధానాంశాలు. మొదటి రెండు వారాలు కష్టంగా ఉంటుంది. మూర్ఛ, ద్విధ్రువ మనోవ్యాధి (బైపోలార్) ఉన్నవారు, బండి నడపడం వృత్తిగా ఉన్నవారు వైద్యుని పర్యవేక్షణ లేకుండా మంచం సమయాన్ని తగ్గించకూడదు. చెమటలు మరీ బాధిస్తే హార్మోను చికిత్స మీకు తగునా అన్నది గైనకాలజిస్టు నిర్ణయిస్తారు. ముట్లు ఆగాక ఆడవారిలో కూడా గురక మధ్యలో ఊపిరి ఆగే జబ్బు పెరుగుతుందని గుర్తుంచుకోండి.

మల్కాజిగిరి కోడలు

అందరికీ ఎంతో రుణపడి ఉన్నాను. మాస్టారి మాటనూ, డాక్టరు గారి మాటనూ మామయ్యగారికి చదివి వినిపించాను. "నా మాత్ర ఎవరికీ ఇవ్వనులే గాని, నేను మానగలనా?" అని అడిగారు. ఆయనను డాక్టరు దగ్గరికి తీసుకువెళ్లే ముందు ఏమి సిద్ధం చేసుకోవాలి?

నిద్ర వైద్యుడు, తార్నాక

ఆయన అడిగారంటే సగం పని అయినట్టే. రెండు వారాల పాటు ఒక నోటు పుస్తకంలో పడుకున్న వేళ, నిద్ర పట్టిందనుకున్న వేళ, మెలకువలు, లేచిన వేళ, పగటి కునుకు, చాయ్ తాగిన వేళలు ఉదయాన్నే రాయండి. రాత్రి గడియారం చూసి రాయవద్దు, ఉజ్జాయింపు చాలు. ఆయన వాడే మందులన్నీ, పొద్దున వేసుకునేవి, రాత్రి వేసుకునేవి విడివిడిగా రాసి, ఖాళీ స్ట్రిప్పులతో సహా తీసుకువెళ్లండి. గురక పెడుతుంటే ఫోనులో ఒక నిమిషం వీడియో తీయండి, అది మాకు చాలా విషయాలు చెబుతుంది.

మాత్రను సాధారణంగా వారాల తరబడి, కొందరిలో నెలల తరబడి, కొద్ది కొద్దిగా తగ్గిస్తారు, దానితో పాటు సీబీటీ-ఐ నేర్పితే మానగలిగేవారు ఎక్కువ. తగ్గించిన ప్రతిసారీ రెండు మూడు రాత్రులు నిద్ర చెడుతుంది. అప్పుడు ఆయన "చూశావా, మాత్ర లేకపోతే కుదరదు" అంటారు. అది మోతాదు తగ్గినందుకు శరీరం చూపే ప్రతిస్పందన అని ముందే చెప్పి ఉంచండి. ఈలోగా మంచం నుంచి బాత్రూము దాకా చిన్న దీపం పెట్టించి, దారిలో జారే పట్టాలు, వైర్లు ఉంటే ఇవాళే తీయించండి.